గోడ మీద పిన్ను

ఇంటి దగ్గర నుంచి,
ఆదివారం మధ్యాహ్నం.

చిరంజీవి అయిన నా తమ్ముడికి, సగం దీవించి సగం తిట్టి అక్క రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలని బళ్ళో నేర్పారు. ఈ పక్క కుశలం అంత చెప్పుకోదగ్గది కాదు. ఆ పక్క కుశలం నువ్వు ఫోను ఎత్తితే కదా తెలిసేది. అందుకని ఆ మాట వదిలేస్తున్నాను. ఫోనయితే కట్ చేస్తావు, ఉత్తరాన్ని కట్ చేయలేవు. చింపేద్దామనుకున్నా ముందు ఎవరు రాశారో చూడాలి. చూశాక అక్క రాతను చింపేంత గుండె నీకు లేదు, నేను పెంచిన పిల్లాడివి కాబట్టి నాకు తెలుసు.

నీ అడ్రసు టైర్ల కొట్టు పెట్టుకున్న నీ స్నేహితుడే ఇచ్చాడు. అతన్ని ఏమీ అనకు. పాపం ఇవ్వనని మొదట గింజుకున్నాడు, నేను వదిలితేగా. ఒక్క పూటే తింటున్నావట, కొట్టు వెనక టైర్ల మధ్య కూర్చుంటున్నావట, ఎవరైనా గిరాకీ వస్తే లోపలికి వెళ్ళిపోతున్నావట. అన్నీ చెప్పి చివర్లో, కంపెనీ వాళ్ళ కాగితం వచ్చిందక్కా, ఈ వారంలో సంతకం పెట్టి పంపేస్తానంటున్నాడు అని నీళ్ళు నమిలాడు. అది విన్నాకే ఈ కలం పట్టాను.

ముందే చెప్తున్నాను. ఈ ఉత్తరం ఆఖరి అక్షరం దాకా చదివే వరకు ఆ కాగితం జోలికి వెళ్ళకు. తప్పు పూర్తిగా నాదే అని రాసిచ్చావంటే విమానాల దగ్గరికి వెళ్ళే నీ పాసు శాశ్వతంగా పోతుంది. ఇక్కడే కాదు, ఏ ఎయిర్‌పోర్టులోనూ నిన్ను గేటు దగ్గర నిలబడనివ్వరు. విమానం మోత లేకపోతే నిద్ర పట్టదనే మనిషివి, రబ్బరు వాసనలో ఎన్నాళ్ళు పడుకుంటావు? నెలాఖరున ఆఖరి విచారణ ఉంది. అప్పటిదాకా ఆగడానికి నీకేం పోయింది?

సరే, ఇంటి కబుర్లు.

మీ మేనకోడలికి ముందు పన్ను ఊడింది. నీకు చూపించాలని అగ్గిపెట్టెలో దాచి, రోజూ తెరిచి ఉందో లేదో చూసుకుంటోంది. బళ్ళో ఎవరో పిల్ల, మీ మామయ్య విమానాన్ని గుద్దించాడటగా అందట. ఇంటికొచ్చి బ్యాగు కూడా దించకుండా మామయ్య ఏం చేశాడమ్మా అని నిలదీసింది. దానికి అర్థమయ్యేలా చెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. గేటు దగ్గరి నుంచి విమానం తనంతట తాను వెనక్కి రాలేదమ్మా, నాన్న టగ్గు బండితో నెడతారు అన్నాను. నెట్టేటప్పుడు ముందు చక్రం నాన్న బండి మాటే వినాలి, పైన కూర్చున్న కెప్టెన్ మాట వినకూడదు, అందుకని చక్రం దగ్గర ఒక ఇనప పిన్ను గుచ్చుతారు. నెట్టడం అయ్యాక మామయ్య ఆ పిన్ను పీకి, దానికి వేలాడే ఎర్ర రిబ్బనును పైకెత్తి కెప్టెన్‌కి చూపిస్తాడు. ఇదిగో తీసేశాను, ఇక చక్రం నీది అని. కెప్టెన్ చెయ్యి ఊపుతాడు. ఆ రోజు మామయ్య రిబ్బను చూపించాడు, కెప్టెన్ చెయ్యి ఊపాడు, అయినా పిన్ను చక్రంలోనే ఉంది. అందుకని చక్రం తిరగలేదు, విమానం తిన్నగా పోయి పక్క గేటు ఏరోబ్రిడ్జిని, అదే జనం విమానంలోకి నడిచే వంతెనను, రెక్కతో కొట్టింది. ఇదంతా విని అది కాసేపు పన్ను ఊడిన చోట నాలుక పెట్టుకుని ఆలోచించింది. చేతిలో ఉన్నది చక్రంలో ఎలా ఉంటుంది అంది. వెళ్ళి పాలు తాగు అన్నాను. ఇంకేం చెప్పను?

ఏరోబ్రిడ్జి అద్దాలు తుడుస్తూ కిందపడిన క్లీనింగ్ ఆవిడను మొన్న చూసొచ్చాను. వెళ్ళడానికి మొహం చెల్లలేదు, అయినా వెళ్ళాను. భుజం ఎముకకు కట్టు కట్టారు, చెయ్యి మెడకు వేలాడదీసుకుని కూర్చుంది. నన్ను చూడగానే తిడుతుందేమో అనుకున్నా. ఆవిడ అడిగిన మొదటి మాట, తన బకెట్టు ఇప్పుడెవరు వాడుతున్నారని. కొత్త పిల్లలకు గుడ్డ పిండటం చేతకాదట, అద్దాల మీద చారలు మిగిలిపోతాయట. వచ్చేటప్పుడు మాత్రం, ఎముక అతుక్కుంటుందిలే అమ్మా, ఆ అబ్బాయి ఎలా ఉన్నాడు అంది. రోజూ దాటి వెళ్తూ పలకరించేది అతనొక్కడే అని కూడా అంది. దారంతా ఏడుస్తూనే వచ్చాను. బస్సులో పక్కనున్న ఆవిడ పంటి నొప్పా అని అడిగింది, అవునన్నాను.

మీ బావ సంగతి. విచారణ తేలేదాకా టగ్గు ఎక్కనివ్వడం లేదు. సామాను ట్రాలీలు వరసపెట్టే పనిలో వేశారు. పొద్దున వెళ్తారు, సాయంత్రం వస్తారు, టీవీ మాట వినపడకుండా పెట్టుకుని చూస్తారు. ఆకలి లేదు, తర్వాత చూద్దాం, ఇవి తప్ప ఇంకో మాట లేదు. పిల్లదానితో కూడా అంతే. మనిషి ఇంట్లో ఉన్నాడో లేడో తెలియడానికి చెప్పులు చూసుకోవాల్సి వస్తోంది.

ఆ రోజు మీరిద్దరూ ఈ గదిలో అరుచుకున్న అరుపులు నాకింకా వినిపిస్తూనే ఉన్నాయి. నా పక్కన ఒక్క మాట మాట్లాడలేకపోయావేం బావా అని నువ్వు. పిన్ను నేను ముట్టుకోలేదు, తెలియని దానికి ఏం మాట్లాడమంటావు అని ఆయన. నువ్వు జాకెట్టు విప్పి కుర్చీ మీద విసిరి పోయావు. ఆయన బాల్కనీలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. మధ్యలో నేను, అడకత్తెరలో పోకచెక్క. నీ వైపు మాట్లాడితే ఆయనకి పరాయిదాన్ని, ఆయన వైపు మాట్లాడితే నీకు. నోరు మూసుకుని కూర్చుంటే ఇద్దరికీ చేదు. నిజం చెప్తున్నా, అలసిపోయానురా. పొద్దున లేవగానే సాయంత్రం ఎప్పుడవుతుందా అనిపిస్తోంది.

మా కుట్టు షెడ్డులో పని ఎప్పటిలాగే. ఈ ఏడాది మొదట్లో విమానాల సీట్లన్నీ గోధుమరంగు నుంచి నీలానికి మార్చారు కదా, ఇంకా ఆ కవర్లు కుట్టడమే అవలేదు. మిషన్ల మీద నీలం దారం, నేల మీద నీలం పీచు, తుమ్మితే రుమాలు కూడా నీలమే. గోధుమరంగు దారం ఒక్క ఉండ కూడా మిగల్చకుండా స్టోరు వాళ్ళు పట్టుకుపోయారు. మీ బ్యాచ్ వాళ్ళు మాత్రం రావడం మానేశారు. ఇదివరకు అప్పుడప్పుడూ ఎవడో ఒకడు, అక్కా రిబ్బను ఊడింది, వదినా రిబ్బను చిరిగింది అంటూ పిన్ను పట్టుకుని వచ్చేవాడు. స్టోరులో కొత్త రిబ్బను అడిగితే నెలలు పడుతుంది, ఈ అక్క అయితే టీ తాగే లోపల కుట్టి ఇచ్చేస్తుంది. ఇప్పుడు పిన్ను అనే మాట ఎవరూ నా ముందు ఎత్తరు.

ఎత్తనక్కర్లేదు కూడా. గోడ మీదే ఉంది. ప్రమాదం జరిగిన కొద్ది రోజులకే కంపెనీ వాళ్ళు అన్ని చోట్లా ఒక పోస్టరు అంటించారు. చక్రంలోంచి తీసిన పిన్నును ఫోటో తీసి, మోచెయ్యంత పెద్దది చేసి, కింద ఒక్క పిన్ను మరిస్తే ఇంత నష్టం అని రాశారు. మా షెడ్డులో సరిగ్గా మంచినీళ్ళ డ్రమ్ము పైన అంటించారు. నీ పేరు లేదు, కానీ ఎవరికి తెలియదు? మొదటి రోజు నాతో కుట్టే ఆవిడ ఎవరూ చూడకుండా తన కోటు తెచ్చి దాని మీద వేలాడదీసింది. సూపర్‌వైజర్ వచ్చి, కోట్లకు మేకులు వేరే ఉన్నాయి అని తీయించాడు. అప్పటి నుంచి దాహం వేస్తే కళ్ళు దించుకుని వెళ్తాను, గ్లాసు ముంచుకుని కళ్ళు దించుకునే వస్తాను. మంచినీళ్ళు కూడా చేదనిపించేలా చేశారు.

విచారణలో ఏం జరిగిందో నువ్వు చెప్పిందే మళ్ళీ మళ్ళీ తలచుకుంటున్నాను. మొదటిసారి వెనక్కి నెట్టాక టగ్గు విప్పారు, నువ్వు పిన్ను తీశావు. అంతలో వెనక నుంచి దాటి వెళ్ళాల్సిన విమానానికి దారి చాలలేదని, మమ్మల్ని కాస్త ముందుకు లాగండి అని కెప్టెన్ హెడ్‌సెట్‌లో అడిగాడు. మళ్ళీ టగ్గు తగిలించారు, లాగారు, విప్పారు. నువ్వు రిబ్బను ఎత్తావు. ఇంతే కదా. రెండోసారి పిన్ను మళ్ళీ పెట్టావా అని అడిగితే, ఏమో, పెట్టే ఉంటాను, ఎప్పుడూ పెట్టేవాణ్ణే కదా అన్నావు. ఆ ఏమో అన్న మాటే నీ కొంప ముంచింది. మరి చూపించిన రిబ్బను ఏమయింది అంటే, విమానం గుద్దగానే అటు పరుగెత్తుతుంటే ఎక్కడో పడిపోయి ఉంటుంది అన్నావు. అంతే, జేబులో ఇంకో పిన్ను పెట్టుకుని తిరుగుతాడు, చక్రం దగ్గరికి వంగడానికి బద్ధకించి దాన్నే చూపించాడు అని రాసేసుకున్నారు. అబద్ధం చూపించాడు అన్న మాట దగ్గరే నువ్వు విరిగిపోయావు. పని పోయినందుకు అంతగా బాధపడలేదు. నాకు తెలుసు.

నీ జాకెట్టు ఉతికాను. జేబు చిరిగింది అక్కా అని చలికాలం నుంచీ నా ప్రాణం తీస్తున్నావు కదా, ఊరందరి సీట్లు కుడతావు, తమ్ముడి జేబు కుట్టవా అని దెప్పుతూ. ఇన్నాళ్ళకి ఆ ముచ్చటా తీరింది. లోపలి గుడ్డ విప్పి, శుభ్రంగా ఉతికి, జేబు గట్టిగా కుట్టి తలుపు వెనక తగిలించాను.

తిండి మానకు. స్నేహితుడి మీద విసుక్కోకు, అతనికి నువ్వు తప్ప ఇంకెవరున్నారు. కాగితం మీద సంతకం పెట్టకు. ఇది మూడోసారి చెప్పడం, నాలుగోసారి చెప్పించుకోకు.

ఇట్లు,
నిన్ను ఎత్తుకుని తిప్పి నడుం నొప్పి తెచ్చుకున్న
మీ అక్క.

తా.క. అసలు సంగతి సంతకం కింద రాస్తున్నాను. పైన రాద్దామని రెండుసార్లు మొదలుపెట్టాను, చెయ్యి రాలేదు. ఇప్పుడు టీ తాగి మళ్ళీ కూర్చున్నాను.

నీ జాకెట్టు లోపలి గుడ్డ విప్పినప్పుడు పిన్ను దొరికింది. చిరిగిన జేబులోంచి జారి, లోపల వీపు దగ్గర అడుగున పడి ఉంది. రిబ్బనుతో సహా. నువ్వు ఆ రోజు పైకెత్తి చూపించింది అదే. పరుగెత్తేటప్పుడు జేబులో తోసి ఉంటావు, అది లోపలికి పోయింది. నువ్వు పడిపోయిందనుకున్నావు.

దాన్ని వెలుతురులోకి పట్టుకుని చూశాను. రిబ్బనును పిన్నుకు పట్టి ఉంచే కుట్టు నాదే. గోధుమరంగు దారం. సీట్లు మార్చక ముందు కుట్టింది. మర్నాడు షెడ్డులో తల ఎత్తి, మొదటిసారి ఆ పోస్టరును కళ్ళారా చూశాను. అంత పెద్ద ఫోటోలో పోగు పోగు కనిపిస్తోంది. ఆ కుట్టు కూడా నాదే, చివర రెండుసార్లు వెనక్కి కుట్టి ముడి వేసే అలవాటు ఈ షెడ్డులో ఇంకెవరికీ లేదు. కానీ దారం నీలం. ఇన్నాళ్ళూ గ్లాసు ముంచుకుంటూ దాని కిందే నిలబడ్డాను, తల దించుకుని.

నీలం దారం వచ్చాక, ప్రమాదం జరిగే లోపల నేను కుట్టిన రిబ్బను ఒక్కటే. మీ బావ తెచ్చారు. టగ్గు పెట్టెలో ఒకటి ఎక్కువ ఉంటే మంచిది, ఎవరితోనూ అనకు అన్నారు. ఎక్కువ పిన్ను ఉంచుకోవడం రూలుకు విరుద్ధమట. ఒకటి పోయిందంటే సంజాయిషీలు, తిట్లు, అందుకని ప్రతి టగ్గులోనూ ఒకటి దాస్తారట. ఈ మాట మీ అందరికీ తెలుసు. విచారణలో ఒక్కరూ నోరు విప్పలేదు, నువ్వు కూడా విప్పలేదు, పక్కవాడికి చిక్కు వస్తుందని. తిలా పాపం తలా పిడికెడు. మొత్తం పాపం నీ నెత్తిన పడింది.

జరిగింది ఇదిరా. మొదటిసారి నువ్వు నీ పిన్ను తీశావు, చేతిలో పెట్టుకున్నావు. ముందుకు లాగమన్నప్పుడు నువ్వు హెడ్‌సెట్‌లో కెప్టెన్‌తో మాట్లాడుతున్నావు. ఆ తొందరలో మీ బావే దిగి, పెట్టెలో ఉన్నది తీసి చక్రంలో పెట్టారు. ఆ సంగతి నీకు తెలియదు. విప్పాక, పిన్ను చేతిలోనే ఉంది కాబట్టి తీసేశాననుకుని ఎత్తి చూపించావు. నీ తప్పు బొత్తిగా లేదని అనను. ఒకసారి వంగి చక్రం వైపు చూడాల్సింది, ఆ మాట వాళ్ళ ముందు నువ్వే చెప్పు. కానీ నువ్వు అబద్ధం చూపించలేదు. అది మటుకు ఎవరు రాసినా నేను ఒప్పుకోను.

నిన్న పొద్దున ఆయన ముందు ఆ పిన్ను పెట్టాను. దారం చూపించాను. పెట్టెలోది నా చెయ్యి తీసి పెట్టిందో లేదో నిజంగా గుర్తు లేదు, అలవాటు మీద చేసేవి మనసులో నిలవవు అన్నారు. ఆ తర్వాత, అనుమానం మటుకు మొదటి రోజు నుంచీ ఉంది, ఆ పెట్టె తెరిచి చూసే ధైర్యం లేకపోయింది అన్నారు. నాకు కోపం వచ్చింది, జాలి కూడా వేసింది. ఏది ఎక్కువో ఇప్పటికీ తెలియడం లేదు. నెలాఖరున మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా అని అడిగాను. నా పని కూడా పోతే ఇల్లు ఎలా గడుస్తుంది అన్నారు. నా మిషను తిరుగుతూనే ఉంది కదా, ఒక పూట తక్కువ తిందాం, నా తమ్ముణ్ణి మింగి కడుపు నింపుకోవడం నా వల్ల కాదు అన్నాను. ఆయన లేచి స్నానానికి వెళ్ళారు. అవునని అనలేదు, కాదని అనలేదు.

అందుకని ఈ ఉత్తరం కవరు అంటించకుండా ఆయన చేతికే ఇస్తున్నాను, పోస్టు చేసి రమ్మని. దారిలో చదువుకోమని కూడా చెప్తాను. పోస్టు డబ్బా దాకా రెండు చెత్తకుండీలు ఉన్నాయి, ఒక మురిక్కాలవ ఉంది. నేను వెనక వెళ్ళి చూడను. ఆయనతో ఇన్నేళ్ళు కాపురం చేసింది ఈ ఒక్క నడక మీద పందెం కాయలేకపోతే ఇంకెందుకు?

పిన్ను మటుకు ఆయనకివ్వలేదు. అది కుట్టుమిషను సొరుగులో ఉంది, నువ్వొచ్చి తీసుకో.

ఇది నీకు అందిందంటే మీ బావ సమాధానం కూడా అందినట్టే. ఆ కాగితం చింపేసి బండెక్కు. జాకెట్టు తలుపు వెనకే ఉంది.